నల్ల బట్టల వాళ్ళింట్లో

యార్క్‌షైర్‌లో ఒక ఊరు,
ఫిబ్రవరి 6

డోరీన్ గారికి,

నా పేరు టామ్సిన్. మా ఆయన పేరు డంకన్. మీ మనవలు కీలీ, కియాన్ జనవరి మూడో తేదీ నుంచి మా దగ్గర ఉంటున్నారు. మా ఇంటిపేరు, ఊరిపేరు రాయొద్దని పిల్లల సంక్షేమం ఆఫీసులో గ్లెనిస్ గారు చెప్పారు. మీరు రాసేవీ, నేను రాసేవీ ముందు ఆవిడ చదివి తర్వాత పంపుతారట. అందుకని ప్రతి వాక్యమూ ఆలోచించి రాస్తున్నాను. ఇది నాలుగో కాగితం.

పిల్లలిద్దరూ బాగున్నారు. కియాన్ వచ్చిన కొత్తలో టోస్టు, బీన్స్ తప్ప ఏదీ ముట్టుకోలేదు. ఇప్పుడు ఫిష్ ఫింగర్లు తింటున్నాడు. రోడ్డు పనివాళ్ళు వేసుకునే నారింజ రంగు చొక్కా, మెరిసే పట్టీలది, వాడికి ఎక్కడ దొరికిందో తెలీదు, అది విప్పడు. వాళ్ళ టీచరుతో మాట్లాడి యూనిఫాం మీద వేసుకోనిస్తున్నాం. మొన్న వీధిలో గుంట తవ్వుతున్న వాళ్ళు వాణ్ణి చూసి, "ఏం సార్, పని ఎంతదాకా వచ్చిందో చూసుకోండి" అన్నారు. వాడు నిజంగానే వంగి చూశాడు.

కీలీకి రెండో తరగతి పుస్తకాలు బాగా వచ్చేశాయి. ముందుపన్ను ఊడింది. చమ్కీల గులాబీ రంగు కోటు ఒకటి వెంట తెచ్చుకుంది కదా, దానంటే ఎంత ఇష్టమో! పడుకునేటప్పుడు కూడా విప్పదు. చేతులు మోచేతుల దాకా వచ్చేశాయి, కొత్తది కొంటానంటే వద్దంది. చాలా మంచి పిల్ల. ఏం పెట్టినా థాంక్యూ అంటుంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా అల్లరి చెయ్యలేదు.

దత్తత ఖాయం చేసే కోర్టు వాయిదా మే నెలలో ఉంది. అప్పటిదాకా రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటాం.

కీలీ మీకోసం బొమ్మ వేసింది. తనే మడిచి కవరులో పెట్టింది. నన్ను చూడనివ్వలేదు.

ఇట్లు,
టామ్సిన్


గ్రిమ్స్‌బీ,
ఫిబ్రవరి 19

టామ్సిన్ గారికి,

ఉత్తరం అందింది. కియాన్ ఫిష్ ఫింగర్లు తింటున్నాడంటే సంతోషం. ఇరవై రెండేళ్ళు ఇక్కడి ఫ్యాక్టరీలో వాటిని పెట్టెల్లో సర్దాను. ఇప్పుడు ఆ వాసన వస్తే లేచి అవతలికి పోతాను. వాడికి మాత్రం చెప్పకండి.

నా ఊపిరితిత్తులు బాగాలేవనీ, లిఫ్టు లేని మూడో అంతస్తనీ పిల్లల్ని నాకు ఇవ్వకుండా, మీ దగ్గరికి వచ్చేదాకా వేరేవాళ్ళింట్లో ఉంచారు. మీకు చెప్పే ఉంటారు. వాళ్ళమ్మ జోడీ, మా అమ్మాయి, హల్ ఊళ్ళో ఎక్కడో ఉంటోంది. ఎప్పుడైనా ఆదివారం ఫోన్ చేస్తుంది. పిల్లల సంగతి అడగదు. అడిగితే ఏడుస్తానని భయం దానికి.

కీలీ బొమ్మ ఫ్రిజ్ తలుపుకి అంటిద్దామని తీశాను. అంటించలేదు. చేత్తో పట్టుకుని కూర్చున్నాను. పిల్లలిద్దరికీ రంగులు వేసింది. వాళ్ళ పక్కన ఇద్దరు పెద్దవాళ్ళు, నెత్తి నుంచి కాళ్ళదాకా నలుపు. మొహాలకి సున్నం కొట్టినట్టుంది. పెదాలు నల్లన. ఆయనకీ నల్లనే. కిటికీకి నల్ల కర్టెన్లు, గోడమీద గబ్బిలం. కుర్చీలో పుర్రె, దానిమీద తల పెట్టుకుని పిల్లి పడుకుంది.

మీ ఇంట్లో ఎవరైనా పోయారా? లేకపోతే దాని దగ్గర నల్ల పెన్సిల్ ఒక్కటే ఉందా? అదే అయితే చెప్పండి, రంగుపెన్సిళ్ళ డబ్బా పంపుతాను. అది కాకపోతే అదేమిటో నాకు తెలియాలి. గ్లెనిస్‌కి ఫోన్ చేస్తే "వాళ్ళనే అడగండి డోరీన్" అంది. అడుగుతున్నాను.

డోరీన్


యార్క్‌షైర్‌లో ఒక ఊరు,
మార్చి 3

డోరీన్ గారికి,

రంగుపెన్సిళ్ళు అక్కర్లేదండీ. కీలీ బొమ్మ సరిగ్గానే వేసింది. మేం అలాగే ఉంటాం.

మొదటి ఉత్తరంలో చెప్పకపోవడానికి కారణం భయం. మమ్మల్ని గోత్‌లంటారు. నల్ల బట్టలు, నల్ల రంగు వేసిన జుట్టు, తెల్ల పౌడరు, మాకు నచ్చే పాటలు కొన్ని, అంతే. దెయ్యాలని పిలవడం, రక్తం తాగడం లాంటివేమీ లేవు. ఆదివారం మీలాగే మాంసం, బంగాళదుంపలు ఓవెన్‌లో పెట్టుకుంటాం. గబ్బిలం గోడకి అంటించిన కాగితం. పుర్రె నిజానికి దిండు, డంకన్ మేనత్త అల్లి ఇచ్చింది.

పదిహేనేళ్ళప్పుడు నేను బళ్ళో ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. లావుగా ఉండేదాన్ని. మా అమ్మ లేత రంగు స్వెట్టర్లు తొడిగేది, వాటిలో నేను కనపడకుండా పోయినట్టుండేది. ఒకరోజు పాత తెర ఒకటి నల్లరంగులో ముంచి గౌను కుట్టుకున్నాను. వీధిలో అందరూ చూశారు. నవ్వారు కూడా. అయినా ఆ రోజు నన్ను నేనే చూసుకున్నట్టయింది. తర్వాత లీడ్స్‌లో ఒక నేలమాళిగ డాన్సులో డంకన్ కలిశాడు. ఆయన బాయిలర్లు బాగుచేస్తాడు. నేను కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పనిచేస్తాను. పగలు ఆయనది కంపెనీ నీలం చొక్కా, నాది తెల్ల కోటు. ఇంటికొచ్చాక మా బట్టలు మావి.

ఆఫీసు వాళ్ళకి అన్నీ తెలుసు. పదకొండుసార్లు వచ్చి చూశారు.

కీలీ వచ్చిన మొదటిరోజు డంకన్ మొహం చాలాసేపు చూసింది.

"నీకు లిప్‌స్టిక్ ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టుకున్నా."

"పక్కకి పోయింది. అద్దం లేదా మీ ఇంట్లో?"

ఆయన వెళ్ళి సరిచేసుకుని వచ్చాడు. "ఇప్పుడు పర్లేదు, థాంక్యూ" అంది.

దాన్ని బట్టల కొట్టుకి తీసుకెళితే బంగారు రంగు చెప్పులు, మెరుపుల మేజోళ్ళు, కొమ్మున్న గుర్రం బొమ్మ చొక్కా ఏరుకుంది. నేను జన్మలో ముట్టుకోని రంగులన్నీ ఇప్పుడు ఇస్త్రీ చేస్తున్నాను. దాన్ని మాలా మార్చాలని మాకు లేదు. దయచేసి నమ్మండి.

టామ్సిన్


గ్రిమ్స్‌బీ,
మార్చి 14

టామ్సిన్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దిండు అన్నావు, కాగితం అన్నావు. సరే. నువ్వు చెడ్డదానివని అనడం లేదు.

కానీ ఆ పిల్లలు ఎక్కడి నుంచి వచ్చారో నీకు తెలుసా? ఆఫీసు కాగితాల్లో చదివావేమో. నేను కళ్ళతో చూశాను. జోడీ ఫ్లాటులో కర్టెన్లు ఎప్పుడూ తీసేది కాదు. మధ్యాహ్నం పన్నెండు గంటలకి కూడా లోపల చీకటి. కియాన్‌కి రెండేళ్ళు వచ్చేదాకా ఎండలోకి తెస్తే కళ్ళు మూసుకునేవాడు. అలాంటి పిల్లలకి ఇంగ్లండు మొత్తం మీద మీ ఇల్లే దొరికిందా? మళ్ళీ నల్ల కర్టెన్లే. బళ్ళో తోటి పిల్లలు ఏమంటారో ఆలోచించావా? తల్లి తిండి పెట్టలేదని ఒకసారి నవ్వులపాలయ్యారు, ఇప్పుడు పెంచేవాళ్ళు దెయ్యాలని నవ్వులపాలవాలా?

మా కింది అంతస్తు పాట్సీ, "పెద్దయ్యాక ఆ బట్టలేంటి, పిల్లలున్న ఇంట్లో" అంది.

కోర్టు నుంచి నాకూ కాగితం వచ్చింది. అభ్యంతరం ఉంటే జడ్జికి రాసుకోవచ్చట. ఉత్తర్వు వచ్చేదాకా మామూలు మనుషుల్లా బట్టలు వేసుకోండి. ఆ పుర్రెలూ గబ్బిలాలూ అటక మీద పెట్టెయ్యండి. లేకపోతే రాస్తాను. రాయడానికి వెనకాడను.

డోరీన్


యార్క్‌షైర్‌లో ఒక ఊరు,
ఏప్రిల్ 11

డోరీన్ గారికి,

మీరు చెప్పినట్టే చేశాం. ఏం జరిగిందో దాచకుండా రాస్తాను. చదివాక జడ్జికి రాయాలనిపిస్తే రాయండి.

డంకన్ ఒప్పుకోలేదు మొదట. "పదిహేనేళ్ళప్పుడు మా నాన్న కొడితేనే విప్పలేదు, ఇప్పుడు ఒక ముసలావిడ ఉత్తరం రాస్తే విప్పాలా?" అన్నాడు. నేను ఏడిస్తే ఊరుకున్నాడు. సోమవారం ఆయన గోధుమరంగు ప్యాంటు వేసుకున్నాడు. నేను మా అక్క లేతనీలం స్వెట్టరు తెచ్చుకున్నాను. మొహానికి ఏమీ రాసుకోలేదు. గబ్బిలాలు తీసేశాం.

బడి నుంచి కీలీ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. నన్ను చూసింది, గోడ చూసింది.

"ఎవరొస్తున్నారు?" అంది.

"ఎవరూ రావడం లేదు తల్లీ."

"ఎప్పుడొస్తున్నారు? ఇవాళా, రేపా?"

నాకు అర్థం కాలేదు. అది మేడమీదకి పరిగెత్తింది. నేను వెళ్ళేసరికి తమ్ముడి బూట్లు వెతుకుతోంది. వాడి సంచీలో రెండు చొక్కాలు, పళ్ళబ్రష్షు పెట్టేసింది. ఏడవడం లేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. గ్లెనిస్ గారికి ఫోన్ చేస్తే ఆవిడ చెప్పారు. జోడీ ఇల్లు ఊడ్చి, మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుందంటే ఆ రోజు ఆఫీసు వాళ్ళు వస్తున్నారని అర్థమట. పెద్దవాళ్ళు మామూలుగా కనపడటమంటే ఏమిటో కీలీకి తెలిసిన అర్థం అదొక్కటే.

మర్నాడే మా బట్టలు మేం వేసేసుకున్నాం. అప్పటికే ఆలస్యమైంది. బుధవారం వంటింట్లోకి వస్తే చెత్తబుట్టలో బంగారు చెప్పులు, గుర్రం చొక్కా ఉన్నాయి. కీలీ కుర్చీలో కూర్చుని తెల్ల మేజోళ్ళకి మార్కరు పెన్నుతో నల్లరంగు వేస్తోంది. మేజోళ్ళు కాళ్ళకే ఉన్నాయి. కాళ్ళు, చేతులు, పెదాలు అంతా ఆ ఇంకే.

"నా జుట్టుకి కూడా రంగు వెయ్యవా టామ్సిన్? నీది వేసుకునేటప్పుడు కొంచెం మిగల్చవా?"

"ఎందుకమ్మా? నీ జుట్టు బాగుంది కదా."

"మీలాగే ఉంటే మీ పిల్లలే అనుకుంటారు. అప్పుడు పంపరు. కియాన్‌కి కూడా వేద్దాం. వాడు ఆ చొక్కా విప్పడు, కానీ నేను చెప్తాను వాడికి."

డోరీన్ గారూ, నా జీవితమంతా ఎవరు ఏమన్నా నా బట్టలు నేను వేసుకున్నాను. ఈ పిల్ల ఒక్క మాట అనకుండా తన ఇష్టమంతా తీసి చెత్తబుట్టలో పడేసింది. "నిన్ను పంపం" అని రోజుకి పదిసార్లు చెప్తున్నాను. మర్యాదగా తల ఊపుతుంది, నమ్మదు. నాలుగు రోజులుగా నల్ల చొక్కాలే వేసుకుంటోంది. డంకన్‌వి, మోకాళ్ళ దాకా ఉంటాయి. ఆ గులాబీ కోటు ఒక్కటే పారెయ్యలేదు. దానిమీద ఆశ పెట్టుకున్నాను, కనీసం ఆ ఒక్క ఇష్టమైనా చంపుకోలేకపోయిందని.

మీకు ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి తెలుసు. ఏం చెప్తే నమ్ముతుంది?

టామ్సిన్


గ్రిమ్స్‌బీ,
ఏప్రిల్ 20

టామ్సిన్, అమ్మాయ్,

ఆ కోటు మీద ఆశ పెట్టుకోకు. అది ఇష్టం కాదు. ఆ సంగతి నీకు రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

రెండేళ్ళ కిందట అక్టోబరులో, జోడీ లేనప్పుడు నేను ఆ ఫ్లాటుకి వెళ్ళాను. తలుపు కీలీ తీసింది. కియాన్‌కి జ్వరం. కీలీ వాడికి నీళ్ళల్లో పంచదార కలిపి పడుతోంది. మూడురోజులుగా అమ్మ రాలేదంది. "ఎవరికీ చెప్పకు అమ్మమ్మా" అంది. నేను బయటికొచ్చి ఆఫీసుకి ఫోన్ చేశాను. నేనే చేశాను టామ్సిన్. పక్కింటివాళ్ళు చేశారని జోడీ అనుకుంటోంది. ఇంతవరకూ దానికి చెప్పలేదు.

కారు రావడానికి గంట పడుతుందన్నారు. లోపలికెళ్ళి కీలీకి ఆ కోటు తొడిగాను. దాని దగ్గరున్న మంచి బట్ట అదొక్కటే. "పార్కుకి వెళ్దాం, మంచి కోటు వేసుకో" అన్నాను. ఎంత సంబరపడిందో. బొత్తాములు తనే పెట్టుకుంది. తర్వాత కారు వచ్చింది. నేను ఎక్కలేదు.

అది ఆ కోటులో ఎందుకు పడుకుంటోందో ఇప్పుడు నీకు అర్థమవుతుంది. ఎప్పుడు ఎవరొచ్చి తీసుకెళతారో అని. తయారుగా ఉంటోంది.

మెరుపులంటే ఇష్టం మాత్రం నిజం. రెండేళ్ళప్పుడే చాక్లెట్ కాగితాలు చెంపలకి అంటించుకుని తిరిగేది. దాన్ని పోనివ్వకు.

రెండో సంగతి. మార్చి 14న జడ్జికి రాస్తానని నిన్ను బెదిరించాను చూడు, ఆ ఉత్తరం అంతకు ముందురోజే పోస్టు చేసేశాను. నీ జవాబు చూడకుండానే. వెనక్కి తీసుకుంటానని ఇవాళ ఫోన్ చేశాను. ఒకసారి చేరాక అలా కుదరదట, వచ్చి చెప్పుకోవాలట. వాయిదా జరుపుతారేమో. తిట్టాలనిపిస్తే తిట్టు.

కింద కీలీకి రాశాను. గ్లెనిస్ సరేనంటే చదివి వినిపించు.

*కీలీ బంగారం, నేను అమ్మమ్మని. ఆ రోజు ఆఫీసుకి ఫోన్ చేసింది నేను. నువ్వు చెప్పినందువల్ల కాదు, నాకు భయం వేసి చేశాను. నువ్వు ఏమీ తప్పు చెయ్యలేదు. నీ బట్టల వల్ల కాదు, నీ మాటల వల్ల కాదు. పార్కుకి అని అబద్ధం చెప్పాను. అలా చెప్పకూడదు. నువ్వు ఏ రంగు బట్ట కట్టుకున్నా దానివల్ల ఎవరూ నిన్ను తీసుకెళ్ళరు, నిన్ను ఉంచుకునేది కూడా బట్టలు చూసి కాదు. నీకు నా మీద కోపం వస్తే రానీ.*

డోరీన్


యార్క్‌షైర్‌లో ఒక ఊరు,
మే 17

డోరీన్ గారికి,

నాకు కోపం వచ్చింది. మీ ఉత్తరం, కోర్టు కాగితం ఒకే రోజు వచ్చాయి. వాయిదా జూన్ చివరికి మార్చారు. కోర్టు పంపిందట, మాకు తెలియని మనిషొకావిడ రెండుసార్లు ఇంటికొచ్చింది. అల్మరాలన్నీ తెరిచి చూసింది. కియాన్‌ని "ఈ ఇంట్లో నీకు భయం వేసేది ఏదైనా ఉందా?" అని అడిగింది. వాడు బాగా ఆలోచించి, "ఇల్లు ఊడ్చే మిషను" అన్నాడు. ఆవిడ రాసుకుంది. ఏం రాసుకుందో మాకు చెప్పరు. డంకన్ బరువు తగ్గాడు. పనిలో నేను ఒకాయన కింది పళ్ళ సెట్టు మీద వేరే ఆయన పేరు వేశాను. మీ మూలంగా మాకు ఈ గతి పట్టిందని ఇన్ని వారాలూ మీకు జవాబు రాయలేదు. చివరికి ఎందుకు రాస్తున్నానంటే, కీలీ వల్ల.

మీ ఉత్తరం మేమిద్దరం కలిసి దానికి చదివాం. కదలకుండా వింది.

"అయితే పార్కు లేదా?"

"లేదమ్మా."

"అమ్మమ్మకి ముందే తెలుసా?"

"తెలుసు."

లేచి పెరట్లోకి వెళ్ళి ట్రాంపొలిన్ మీద గెంతడం మొదలుపెట్టింది. గంటసేపు. డంకన్ కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉన్నాడు. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పళ్ళెం తోసేసింది. తమ్ముణ్ణి గిల్లింది. పరిస్థితి ఇంకా చెడిపోయిందనుకున్నాం.

మూడోరోజు పొద్దున వంటింట్లో పాలు పోస్తున్నాను. వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మీ కర్టెన్లు ఛండాలంగా ఉన్నాయి."

నేను పాల సీసా కింద పెట్టాను.

"నా గదిలో పసుపు కావాలి. ఈ నలుపు నాకు అసలు నచ్చదు. ముందు నుంచీ నచ్చలేదు. ఈ చొక్కా గుచ్చుకుంటోంది, డంకన్ వాసనొస్తోంది. నా బంగారు చెప్పులు నువ్వెందుకు పారేశావ్?"

"నేను పారెయ్యలేదు, నువ్వే..."

"ఆపొచ్చు కదా! పెద్దదానివి కదా నువ్వు!"

అని అరిచి, కాలు నేలకేసి కొట్టి, ఏడ్చింది. ముక్కు కారేలా, గొంతు బొంగురుపోయేలా ఏడ్చింది. డంకన్ పరిగెత్తుకొచ్చి "ఏమైంది?" అన్నాడు. "మన కర్టెన్లు ఛండాలంగా ఉన్నాయట" అన్నాను. అనగానే నాకూ ఏడుపొచ్చింది. నాలుగు నెలల పధ్నాలుగు రోజులయింది ఆ పిల్ల మా ఇంటికొచ్చి. ఇది మొదటిసారి మాకు ఎదురు చెప్పడం.

చెప్పులు చెత్తబుట్టలోంచి ఆ రోజే తీసి దాచాను, ఇచ్చాను. పసుపు గుడ్డ కొని రెండు రోజుల్లో కుట్టాను. డంకన్ దాన్ని వేలాడదీస్తూ కళ్ళు చికిలించుకుని, "నల్లద్దాలు కావాలి ఈ గదిలోకి రావాలంటే" అన్నాడు. "రాకు అయితే" అంది.

నిన్నటి నుంచి కోటు తలుపు వెనక కొక్కేనికి ఉంది. పైజమాలో పడుకుంది.

మీ మీద కోపం పోలేదు దానికి. అది కూడా చెప్పాలి మీకు. జూన్‌లో ఏమవుతుందో తెలీదు. మీరు నిజంగా వెళ్ళి చెప్తారా?

టామ్సిన్


గ్రిమ్స్‌బీ,
జూన్ 27

టామ్సిన్,

వెళ్ళాను. పాట్సీ తోడొచ్చింది, నా ఆక్సిజన్ సిలిండరు మోసింది. దారంతా "నేనేం అన్నాను, ఊరికే అన్నాను" అంటూనే ఉంది. మిమ్మల్ని వేరే రోజు పిలుస్తారట కదా, మనం ఎదురుపడకుండా. మంచిదే. నాకు మొహం చెల్లేది కాదు.

జడ్జి ఆడమనిషి, మా జోడీ కంటే పదేళ్ళు పెద్దదేమో. నా ఉత్తరం ముందు పెట్టుకుంది.

"మీ అభ్యంతరం ఇంకా ఉందా?" అంది.

"లేదండీ."

"మార్చిలో రాసినవి అబద్ధాలా?"

"అబద్ధాలు కాదండీ. భయపడి రాశాను. వాళ్ళని నేను చూడలేదు, బొమ్మే చూశాను."

"ఏం మారింది మరి?"

ఏమని చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. అన్నీ మర్చిపోయాను. "ఆ పిల్ల వాళ్ళ కర్టెన్లని తిట్టిందండీ" అన్నాను. వెనక ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి, "చెప్పండి" అంది.

"మా అమ్మాయి ఇంట్లో కీలీ ఏ రోజూ ఏదీ వద్దనలేదండీ. ఏది పెడితే అది తినేది. ఏది తొడిగితే అది వేసుకునేది. మా ఇంటికొచ్చినా అంతే. ఎంత మంచి పిల్లో అని నేనే అందరికీ చెప్పుకున్నాను. అది మంచితనం కాదని నాకు తెలీలేదు. ఇప్పుడు కాలు నేలకేసి కొట్టి నాకు నచ్చలేదంటోంది. అలా అన్నా తనని ఎవరూ పంపరని దానికి అనిపించబట్టే కదండీ. ఆ ధైర్యం నేను ఇవ్వలేకపోయాను. ఆ నల్ల బట్టలవాళ్ళు ఇచ్చారు."

ఇంకా చెప్పాలనుకున్నాను, ఊపిరి అందలేదు. కూర్చోమంది. ఏం నిర్ణయిస్తుందో చెప్పలేదు. రాతపూర్వకంగా పంపుతారట, ముందు మీకు. నేను అప్పుడు రాసిన కాగితం మీద ఆవిడ వేళ్ళు ఆనించి ఉంచింది, అదే నా కళ్ళల్లో ఉంది. ఒకవేళ అటూ ఇటూ అయితే తప్పు నాది, పిల్లలకి అలాగే చెప్పు.

బస్సులో జోడీకి ఫోన్ చేసి అక్టోబరు సంగతి చెప్పేశాను. చివరిదాకా వింది. తర్వాత పెట్టేసింది. మళ్ళీ చేస్తుందో లేదో తెలీదు.

మీకు కాగితం రాగానే ఒక్క ముక్క రాయి.

డోరీన్


యార్క్‌షైర్‌లో ఒక ఊరు,
జూలై 22

డోరీన్ గారూ,

వచ్చింది. పిల్లలు మాకే. గ్లెనిస్ గారు మీకు ఫోన్ చేసే ఉంటారు, అయినా నా చేత్తో రాయాలని. కాగితం డంకన్ చదివాడు, నేను వినలేదు, చెవులు మూసుకున్నాను. ఆయన మొహం చూసి తెలుసుకున్నాను.

మొన్న శుక్రవారం పిల్లలతో జడ్జి గారి దగ్గరికి వెళ్ళాం, వేడుకగా ఫోటో తీస్తారు. ఏం వేసుకోవాలని కీలీనే అడిగాం. "మీరు మీలాగే రండి, వేరేగా వస్తే నాకు భయం" అంది. తను ఏం వేసుకుందో వర్ణించడం నా వల్ల కాదు. ఎండలో నిలబడితే ఎదురుగా వచ్చే కార్ల వాళ్ళకి ఇబ్బంది. కియాన్ జడ్జి గారి కుర్చీలో కూర్చుని అందరికీ సెలవు ఇచ్చేశాడు.

జోడీ మళ్ళీ ఫోన్ చేసిందా? నేను అడగకూడదేమో.

ఇంకొకటి ఉంది. మీకు రాయాలా వద్దా అని మూడురోజులు తటపటాయించాను. ఇకమీదట ఏదీ దాచనని నాకు నేను మాట ఇచ్చుకున్నాను కాబట్టి రాస్తున్నాను. మీకు బాధ కలిగితే క్షమించండి. జోడీకి చెప్పాలో లేదో మీ ఇష్టం.

సోమవారం బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడ్డాను. వాన పడుతోంది, నల్ల గొడుగు, నల్ల కోటు. లోపలి నుంచి పిల్లలు వస్తున్నారు. కీలీ పక్కన కొత్తగా చేరిన అమ్మాయొకతి నన్ను చూసి ఆగిపోయింది. గోడ పక్కన ఉన్నాను, నాకు వినపడదనుకున్నారు.

"అదిగో ఆవిడ మంత్రగత్తెనా?"

జనవరి నుంచి ఈ మాట కోసమే భయపడుతున్నాను. మీరూ ఇదే రాశారు. వెనక్కి తిరిగి కారులో కూర్చుందామా అనుకున్నాను. కీలీ నావైపు ఒకసారి చూసింది, పైనుంచి కిందికి, డంకన్ లిప్‌స్టిక్‌ని చూసినట్టే.

"మంత్రగత్తా? మా అమ్మ" అంది. ఇన్నాళ్ళూ టామ్సిన్ అనే పిలిచింది. "పళ్ళు తయారుచేస్తుంది. బట్టలే అస్సలు బాగోవు, ఎంత చెప్పినా వినదు."

ఉంటాను,
టామ్సిన్